తిరుత్తణి పొదకు చిరునామా

ఎండబెట్టిన మొక్కలను కాగితంపై అతికించి, వివరాలు రాసి భద్రపరిచే చోటు హెర్బేరియం. తిరుత్తణి, తిరువళ్లూరు పరిసరాల రాతి గుట్టలు, మెట్టలు పొదల సేకరణకు మంచి నేల. కలివె, బలుసు, మంగ, బందారు, తంగేడు అక్కడ పెరుగుతాయి. చెట్టెక్కే శ్రమ లేదు గానీ ముళ్లు మాత్రం వదలవు.

పువ్వో కాయో ఉన్న కొమ్మనే కోయాలి. వట్టి ఆకులతో జాతిని తేల్చడం కష్టం. ఒకే పొద నుంచి అడుగు పొడవు కొమ్మలు నాలుగైదు తీసి, అన్నిటికీ ఒకే సంఖ్య ఉన్న చీటీ కడతారు. ఎండితే తెలియకుండా పోయేవి అక్కడికక్కడే రాసుకోవాలి: కలివె తుంచితే కారే పాలు, పువ్వు రంగు, వాసన, పొద ఎత్తు. తర్వాత పాత వార్తాపత్రికల మధ్య పరిచి, మొక్కలను అదిమి ఎండబెట్టే ప్రెస్సులో బిగిస్తారు. ఒక ఆకైనా వెనుకవైపు కనబడేలా తిప్పాలి. మంగ ముల్లు కాగితాన్ని చీల్చి పక్క నమూనాను కూడా పాడుచేస్తుంది కాబట్టి దానికి మందపాటి అట్ట వేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వేళ, కాగితాలు మార్చడానికి ఒక్కరోజు బద్ధకించినా బూజు పడుతుంది.

ఎండిన కొమ్మను సుమారు 42 × 28 సెంటీమీటర్ల షీటుపై అతికించి, కుడివైపు కింది మూలలో లేబులు అంటిస్తారు. షీటుకు ప్రాణం ఈ లేబులే. దానిపై చోటు రాసేటప్పుడు జిల్లా పేరొక్కటే చాలదు, అది మారుతుంటుంది. తిరుత్తణి 1911కి ముందు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది చిత్తూరు జిల్లాలో చేరింది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి, చెంగల్పట్టు జిల్లాకు వెళ్లింది. 1997 నుంచి తిరువళ్లూరు జిల్లాలో ఉంది. కొండ మాత్రం కదల్లేదు. అందుకే జిల్లా పేరుతో సరిపెట్టకుండా గుట్ట పేరు, ఊరి నుంచి దిక్కు, దూరం, ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు రాయాలి.

స్థానిక పేరు ఏ భాషలో విన్నారో కూడా ఉండాలి. బలుసు తమిళంలో కారై, మంగ మరుక్కారై. పేరు పూర్తిగా, భాషతో సహా రాయకపోతే ఈ రెండు పొదలూ కలగలిసిపోవచ్చు.

శాస్త్రీయ నామాలూ మారతాయి. 1915 నుంచి 1936 వరకు వృక్షశాస్త్రజ్ఞుడు గాంబుల్, ఆయన తర్వాత ఫిషర్ వెలువరించిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథంలో తంగేడు కాసియా ఆరిక్యులేటా. నేడది సెన్నా ఆరిక్యులేటా. కొత్త పేరును వేరే చీటీపై రాసి, తేదీ వేసి, పక్కన అంటిస్తారు. పాత లేబులును పీకకూడదు.

ఆపైన షీట్లను కుటుంబం, ప్రజాతి, జాతి వరుసలో అల్మారాల్లో పెట్టి రిజిస్టరులో ఎక్కిస్తారు. మిగిలిన కొమ్మల్లో ఒకటి కోయంబత్తూరులోని మద్రాస్ హెర్బేరియం వంటి చోటికి, అదే సంఖ్యతో, పంపుతారు.