ఆపుకునే వీలు ఎవరి చేతిలో?

హైదరాబాద్‌లో నాంపల్లి రైల్వే స్టేషన్ నుంచి అబిడ్స్ జనరల్ పోస్టాఫీసు మీదుగా సుల్తాన్ బజార్ వరకు నడిచే దారిలోనూ, దాని చుట్టుపక్కల వీధుల్లోనూ, మన దేశంలో వాడుకలో ఉన్న గర్భనిరోధక సాధనాలు దాదాపు అన్నీ దొరుకుతాయి. మందుల దుకాణంలో కండోమ్ ప్యాకెట్‌ను అడగకముందే కాగితంలో చుట్టి, మాత్రల పట్టీని మాట్లాడకుండా చేతిలో పెడతారు. 1953 నుంచి రెడ్‌హిల్స్‌లో నడుస్తున్న నీలోఫర్, సుల్తాన్ బజార్‌లోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రులు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. అయినా 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 62 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. ఈ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 70 శాతానికి దగ్గరగా ఉండగా, దేశం మొత్తం మీద 38 శాతం మాత్రమే ఉంది. ఇన్ని సాధనాలున్న చోట ఇంతమంది ఒక్కదాని దగ్గరికే చేరుతున్నారంటే, మిగిలినవాటి గురించి వారిని కూర్చోబెట్టి చెప్పినవారు తక్కువని అనుకోవలసి వస్తుంది.

దీనికి మూలం కార్యక్రమం నడిచిన తీరులో ఉంది. 1952లో ప్రపంచంలోనే మొదటిసారిగా జాతీయ స్థాయిలో కుటుంబ నియంత్రణను చేపట్టిన భారత ప్రభుత్వం 1965లో గర్భాశయంలో అమర్చే లూప్‌ను, 1968లో నిరోధ్ కండోమ్‌ను జనంలోకి తెచ్చినా, పై నుంచి వచ్చే లక్ష్యాలను అందుకోవడానికి కింది ఉద్యోగులకు ఆపరేషనే సులువైన మార్గంగా కనిపించింది. ఒక స్త్రీ రోజూ మాత్ర వేసుకుంటున్నదీ లేనిదీ తెలుసుకోవడం కష్టం గానీ, ఆపరేషన్ అయిన స్త్రీ పేరు రిజిస్టరులో ఒక్కసారి ఎక్కితే చాలు. 1996లో కేంద్రం ఆ లక్ష్యాలను ఎత్తివేసిన తరువాత కూడా, "ఇద్దరు పుట్టారు కదమ్మా, ఇక ఆపరేషన్ చేయించేసుకో" అనే మాట కాన్పుల వార్డులోనూ అత్తగారి నోటిలోనూ చెక్కుచెదరకుండా మిగిలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగం మందికి పైగా అప్పటికి పాతికేళ్లు నిండనివారే కావడం ఆ మాటకున్న బలాన్ని తెలుపుతుంది.

ఏ పద్ధతి మంచిదని అడిగితే సాధారణంగా మొదట వినిపించేది సామర్థ్యం. వైద్యులు దీన్ని రెండు విధాలుగా లెక్కిస్తారు: ఏ పొరపాటూ లేకుండా వాడినప్పుడు ఎదురయ్యే వైఫల్యం ఒకటి, మరుపులూ ప్రయాణాలూ బద్ధకాలూ ఉన్న మామూలు జీవితంలో ఎదురయ్యే వైఫల్యం మరొకటి. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న అంచనాల ప్రకారం, వందమంది ఏడాది పాటు మామూలు తీరులో కండోమ్‌పై ఆధారపడితే 13 మంది, మాత్రలపై ఆధారపడితే ఏడుగురు, మూడు నెలల ఇంజెక్షన్‌పై ఆధారపడితే నలుగురు గర్భం దాలుస్తారు. కాపర్-టీకీ, స్త్రీల ఆపరేషన్‌కూ ఈ సంఖ్య ఒకటికి లోపే. చివరి రెండూ ఇంచుమించు సమానమైనప్పుడు, సామర్థ్యం కోసమే పాతికేళ్ల లోపు ఆపరేషన్ అవసరమనే వాదన నిలవదు. ఆ రెండింటి మధ్య అసలు తేడా, వద్దనుకున్న రోజున ఆపుకునే వీలులో ఉంది.

సాధనాలను ఈ కొలతతో వరుసపెడితే ఎంపిక చేసుకోవడం తేలికవుతుంది. కండోమ్‌ను ఎప్పటికప్పుడు మానవచ్చు, పైగా లైంగిక వ్యాధుల నుంచి రక్షణనిచ్చేదీ అదొక్కటే. అయితే దాని వాడకం భర్త సమ్మతి మీద ఆధారపడుతుంది. మాలా-ఎన్ పట్టీలో 28 మాత్రలుంటాయి. అండం విడుదలను ఆపే హార్మోన్లు 21 తెల్ల మాత్రల్లో ఉంటే, మిగిలిన ఏడింటిలో ఉండేది ఇనుము మాత్రమే. రోజూ వేసుకునే అలవాటు తప్పదు గానీ, మానేయాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన 'ఛాయ'లో హార్మోన్లు లేవు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తరువాత వారానికొకసారి వేసుకోవాలి. కాపర్-టీ రకాన్ని బట్టి ఐదు నుంచి పదేళ్లు పనిచేస్తుంది, తీయించుకున్న వెంటనే గర్భధారణ శక్తి తిరిగి వస్తుంది. కానీ దాన్ని తీయడానికి శిక్షణ పొందిన చెయ్యి కావాలి, అడిగినప్పుడు వాయిదా వేయకుండా తీసే ఆసుపత్రి కావాలి. 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో 'అంతర' పేరుతో ఇస్తున్న ఇంజెక్షన్‌ను ఒకసారి వేశాక మూడు నెలల పాటు వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు, మానేశాక గర్భం రావడానికి నెలలు పట్టవచ్చు. ఆపరేషన్‌ను శాశ్వతమనే భావించి చేయించుకోవాలి.

వరుసలో కిందికి దిగేకొద్దీ ముందుగా చెప్పవలసిన బాధ్యత పెరుగుతుందన్న సూత్రాన్ని న్యాయస్థానం దాకా తీసుకువెళ్లినవారు హైదరాబాద్ స్త్రీలే. నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను 1980లలో భారత వైద్య పరిశోధనా మండలి పరీక్షిస్తున్నప్పుడు, పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పిలిపించిన స్త్రీలకు అది ప్రయోగమన్న సంగతే సరిగా చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు గుర్తించి, ఇతర మహిళా సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. సలహా ఇచ్చి, తరువాత కనిపెట్టి చూసే ఏర్పాటు లేనిచోట దీన్ని సామూహికంగా వాడరాదన్నది వారి అభ్యంతరాలలో ప్రధానమైనది. 2000లో ఆ కేసు ముగిసేనాటికి, సామూహిక కార్యక్రమంలో నెట్-ఎన్‌ను వాడబోమని ప్రభుత్వం తెలిపింది. అదే బృందం వెలువరించిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెలుగు స్త్రీలకు తమ శరీరం గురించి తమ భాషలో అడిగే ధైర్యాన్నిచ్చింది.

అడగవలసినవి శరీరానికి సంబంధించినవి కొన్ని, ఇంటికి సంబంధించినవి కొన్ని. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి సాధనాన్నీ ఒక్కో ఆరోగ్య స్థితికి ఎదురుగా పెట్టి, నిస్సంకోచంగా వాడవచ్చన్న దగ్గర నుంచి అసలు వాడరాదన్న దాకా నాలుగు తరగతులుగా విభజించింది. రక్తపోటు బాగా ఎక్కువ ఉన్నవారు, కళ్లముందు మెరుపులు కనిపించి వచ్చే పార్శ్వపు నొప్పి ఉన్నవారు, కాన్పయి ఆరు వారాలు దాటని పాలిచ్చే తల్లులు మాలా-ఎన్ వంటి రెండు హార్మోన్లున్న మాత్రను వాడకూడదు. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఆ మాత్ర పనిని దెబ్బతీస్తుంది. సగానికి పైగా స్త్రీలలో రక్తహీనత ఉన్న తెలంగాణలో, కాపర్-టీ వేసిన తొలి నెలల్లో రక్తస్రావం పెరగవచ్చని ముందే చెప్పి, ఐరన్ మాత్రలిచ్చి పంపడం కనీస ధర్మం. ఇక ఇంటి సంగతికొస్తే, పదిమంది తిరిగే ఉమ్మడి కుటుంబంలో మాత్రల పట్టీ దాచుకోవడానికి చోటుందా, గల్ఫ్‌లో పనిచేసే భర్త రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చే ఇల్లాలికి రోజువారీ మాత్ర అవసరమా వంటి ప్రశ్నలను ఏ పట్టికా అడగదు, ఎదురుగా కూర్చున్న నర్సమ్మ అడగాలి.

ఈ సంభాషణలో కనిపించని మనిషి పురుషుడు. కోత, కుట్టు లేని వేసెక్టమీ మత్తు సూదితో కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది, పొట్ట లోపలికి పోదు, స్త్రీల ఆపరేషన్ కంటే ప్రమాదం తక్కువ. మూడు నెలల పాటు మరో సాధనం వాడి, వీర్యపరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. అయినా బలం తగ్గుతుందన్న అపోహ వల్ల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశవ్యాప్తంగా దీన్ని ఎంచుకున్న కుటుంబాలు 0.3 శాతం దగ్గరే ఆగిపోయాయి. స్త్రీ మీద పడే ఆ భారం ఒక్కోసారి ప్రాణం దాకా వస్తుంది. సామూహిక శిబిరాలను మూడేళ్లలో ఆపివేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పినా, 2022 ఆగస్టు 25న నగర శివారులోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మందికి డీపీఎల్, అంటే పొట్టకు రెండు చిన్న రంధ్రాలు చేసి గొట్టం ద్వారా జరిపే ఆపరేషన్, చేయగా వారిలో నలుగురు మరణించారు.

కనుక ఏ కౌంటరు దగ్గరైనా, ఏ వార్డులోనైనా, సాధనం పేరు కన్నా ముందు మూడు సంగతులు తెలుసుకోవాలి: దీన్ని ఎప్పుడు, ఎవరి చేత ఆపించుకోవచ్చు, ఆపిన ఎన్నాళ్లకు బిడ్డ కలగవచ్చు, తేడా వస్తే ఏ తలుపు తట్టాలి. వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పి, వేసిన కాపర్-టీని అడిగిన రోజునే తీసే ఆసుపత్రి ఉన్నప్పుడు స్త్రీలు ఆపరేషన్‌ను ఎంచుకున్నా అది వారి నిర్ణయమే అవుతుంది. అటువంటి ఆసుపత్రి లేనంతవరకు ఆ 62 శాతాన్ని కుటుంబ సంక్షేమ శాఖ తన విజయంగా చెప్పుకోవడం తొందరపాటే.