పైన, ఎడమ మూల

మా మేనకోడలి కొడుకు ఈ వారం ఒక టీషర్టు వేసుకొచ్చాడు. ఛాతీ మీద డీసీ కామిక్స్ వాళ్ల పాత ముద్ర. రెండు వలయాలు, నడుమ కాస్త వాలి నిలబడ్డ రెండు లావుపాటి అక్షరాలు, చుట్టూ నాలుగు నక్షత్రాలు. "ఇది ఎప్పటిదో తెలుసుట్రా?" అని అడిగితే, "కొత్తదే తాతయ్యా, మొన్నే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా" అన్నాడు. వాడు చెప్పింది చొక్కా సంగతి. ముద్ర విషయంలోనూ ఆ మాట సగం నిజమే. 2005లో తీసేసిన ఆ ముద్రనే కొద్దిగా సవరించి మళ్లీ కంపెనీ గుర్తుగా పెట్టుకుంటున్నామని 2024 అక్టోబర్‌లో న్యూయార్క్ కామిక్ కాన్‌లో డీసీ వాళ్లు ప్రకటించారు. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఆ చొక్కా చూడగానే మళ్లీ కలిగింది.

ఈ కాలమ్ విడవకుండా చదివేవాళ్లకి నా గోల కొత్త కాదు. ఫ్లెక్సీలొచ్చి కుంచెతో బోర్డులు రాసేవాళ్ల పొట్ట కొట్టాయని ఏడుస్తుంటాను. శుభలేఖ నుంచి టిఫిన్ సెంటర్ దాకా ఎక్కడ పడితే అక్కడ బాపు అక్షరాల ఫాంటు దించేస్తున్నారని, ఆ రాత ఆయన బొమ్మ పక్కనుంటేనే అందమని రాసి చీవాట్లు కూడా తిన్నాను. బాగున్నదాని జోలికి పోవద్దన్నది నా పాత పాట. డీసీ వాళ్లు ఇప్పుడు దానికి వంత పాడుతున్నట్టే ఉంది.

ఆ కంపెనీ ముద్రలకి పెద్ద చరిత్రే ఉంది. 1940లో మొదటిది ఒక చిన్న గుండ్రం, అందులో ఇది డీసీ ప్రచురణ అన్న మాట. సూపర్‌మ్యాన్‌కి గిరాకీ పెరిగాక ఆ గుండ్రంలోకి ఆయన పేరూ ఎక్కింది. 1970ల మొదట్లో వాళ్లకి నిలకడ లేదు. కొన్నాళ్లు ముద్ర పక్కన హీరో బొమ్మ పెట్టారు, కొన్నాళ్లు ఒట్టి గుండ్రం ఉంచారు, 1974లో ఆ గుండ్రం చుట్టూ సూపర్‌స్టార్ల వరస అంటూ ఓ నినాదం తిప్పారు. 1976లో జెనెట్ కాన్ ప్రచురణ బాధ్యత తీసుకుంది. అప్పటికి ఆమెకి ముప్పై ఏళ్లు కూడా లేవు. కొత్త ముద్ర కోసం మిల్టన్ గ్లేజర్‌ని పిలిపించింది. బాబ్ డిలాన్ జుట్టంతా రంగులుగా పారే పోస్టర్ వేసినాయన. న్యూయార్క్ మీద ప్రేమని ఒక అక్షరం, ఒక ఎర్ర గుండె బొమ్మ, ఊరి పేరులోని రెండక్షరాలతో తేల్చేసిన గుర్తూ ఆయనదే. ఆయన డీసీ గుండ్రాన్ని, రెండక్షరాలని ఉంచుకున్నాడు. చుట్టూ ఉన్న మాటలన్నీ తీసేశాడు. నక్షత్రాలు మిగిలాయి. అభిమానులు దానికి బులెట్ అని పేరు పెట్టుకున్నారు. 1977 నుంచి 2005 దాకా అట్టల మీద అదే ఉంది.

నేను దాన్ని మొదట చూసింది, నిజానికి చాలాకాలం చూడనిది, ఆబిడ్స్‌లో. ఆదివారం మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాలు పరిచే రోజులు. ఇంజనీరింగ్ గైడ్ల కింద, పాత రీడర్స్ డైజెస్టుల కింద అమెరికా కామిక్స్ దొరికేవి. వాటిలో కొన్నింటికి తల ఉండేది కాదు. అట్ట మీద మూడో వంతు, పేరున్న భాగం, చించినట్టు కాకుండా తిన్నగా కోసేసి ఉండేది. కింద బ్యాట్‌మ్యాన్ నడుం నుంచి కాళ్ల దాకా మాత్రం కనబడేవాడు. ఎలుక కొట్టిందంటే అంచు అంత తిన్నగా రాదు, పిల్లాడు కోశాడంటే అన్నిటికీ ఒకే చోట కోసి ఉండడు. బేరమాడితే కొట్టాయన, "పైన తెగితే ఏమైంది సార్, లోపల కత మొత్తం ఉంది గద, తీస్కపో" అనేవాడు. తల ఉన్నదాని ధరలో సగానికి ఇచ్చేవాడు. నా సేకరణలో సగం ఆ మొండేలే.

అసలు సంగతి చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ రోజుల్లో అమెరికాలో పత్రికలమ్మే కొట్లకి కామిక్స్ వాపసు పద్ధతి మీద వెళ్లేవి. అమ్ముడుపోనివాటికి డబ్బు తిరిగి ఇచ్చేవారు. కట్టలు కట్టలు వెనక్కి పంపాలంటే రవాణా ఖర్చు పుస్తకం ఖరీదుని మించుతుంది. అందుకని కొట్టువాడు అట్ట పైభాగం కోసి, ఆ ముక్కలే సాక్ష్యంగా పంపి డబ్బు రాబట్టుకునేవాడు. మిగతాది పారేయాలి. కొందరు పారేయకుండా తక్కువ ధరకి అమ్ముకునేవారు. అలా దొడ్డిదారిన బయటపడినవి ఎన్ని చేతులు మారి ఆబిడ్స్ చేరాయో!

కంపెనీ ముద్ర పైన ఎడమ మూలలోనే ఎందుకుండేదో ఇక్కడ తెలుస్తుంది. కొట్లో అరల మీద పుస్తకాలు ఒకదాని మీదొకటి సగం కప్పుకుని ఉండేవి. చాలావాటికి ఎడమ అంచు, పైభాగం తప్ప కొనేవాడికి ఏమీ కనబడదు. 1963లో మార్వెల్ వాళ్లు అదే మూలలో ఒక చిన్న పెట్టె గీసి అందులో హీరో బొమ్మ నిలబెట్టారు. ఆ ఆలోచన అక్కడి చిత్రకారుడు స్టీవ్ డిట్కోదని చెబుతారు. కాబట్టి ఆ మూల ముద్ర అలంకారం కాదు. కొనేవాడికి అది గుంపులోంచి ఒక మనిషి చెయ్యెత్తినట్టు కనబడాలి. అమ్ముకోలేకపోయిన కొట్టువాడికి, కోసి పంపే ముక్కలో అదీ ఉండాలి. గ్లేజర్ గీసింది ఈ బజారు కోసం. చిన్నగా ఉన్నా చదవగలగాలి, ఏ రంగు అట్ట మీదైనా నిలవాలి, పక్క పుస్తకం సగం కప్పినా పోల్చుకోగలగాలి.

చిత్రం ఏమిటంటే, ఆయన అది గీసేనాటికే ఆ బజారు కరగడం మొదలైంది. 1970ల నుంచి కామిక్స్‌కే ప్రత్యేకమైన షాపులు పెరిగాయి. అవి ఎక్కువ డిస్కౌంటుకి, వాపసు లేకుండా కొనేవి. అక్కడ అట్టలు పూర్తిగా కనబడేవి, కోసి పంపే అవసరమూ లేదు.

2005లో బులెట్‌ని తీసేసి జోష్ బీట్‌మన్ గీసిన సుడి పెట్టారు. తెర మీద తిరగడానికి బాగుండేది, సినిమాల కాలం అది. 2012లో లాండర్ సంస్థ చేసిన ముద్రలో మొదటి అక్షరం స్టిక్కర్ ఊడినట్టు మడత విప్పితే కింద రెండోది కనిపించేది. లోపలి రంగూ రూపూ హీరోని బట్టి మారేవి. దాన్ని నేను వెక్కిరించినంత ఎవరూ వెక్కిరించి ఉండరు. 2016లో పెంటాగ్రామ్ డిజైన్ సంస్థలో ఎమిలీ ఓబర్‌మన్ గుండ్రాన్ని తిరిగి తెచ్చింది. ఎనిమిదేళ్లకి దాని స్థానంలోకి బులెట్ వచ్చింది.

ఇక్కడిదాకా రాశాక నా పాత పాట శ్రుతి తప్పుతోంది. ఆ ఊడిన స్టిక్కర్ నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ తెర మీద కదిలే లోకంలో ఒక ముద్ర ఏం చేయాలన్న ప్రశ్నకి అది జవాబు వెతికింది. జవాబు వికారంగా వచ్చింది, ప్రశ్న మాత్రం సరైనదే. బులెట్ తిరిగి రావడం వెనక ఏ ప్రశ్నా లేదు, నాలాంటివాళ్ల మురిపెం తప్ప. 1976లో గ్లేజర్ 1940 గుండ్రాన్ని భక్తిగా తుడిచి దాచుకోలేదు. ఆనాటి కొట్టు అరని ఎదురుగా పెట్టుకుని పనికిరాని మాటలన్నీ కొట్టేశాడు. ఆయన గీతని యథాతథంగా తెచ్చుకోవడం కంటే ఆయన పద్ధతిని తెచ్చుకోవడం కష్టం.

ఇవాళ్టి కొట్టు అర ఫోను. అందులో అట్ట బొమ్మంతా బొటనవేలి గోరంత. పైన ఎడమ మూలలో నాలుగు నక్షత్రాలూ కలిసి ఒక చుక్క. ఆ చుక్కని పోల్చుకునేలా గీయగల మనిషిని ఎక్కడో వెతకాల్సింది పోయి, 2024లో వెతకడమే మానేశారు. బాగున్నదాని జోలికి పోవద్దన్న నోటితోనే జోలికెందుకు పోలేదని తగువు పెట్టుకుంటున్నాను. ఫ్లెక్సీల గొడవతో పాటు పాఠకులు ఇక దీన్ని కూడా భరించాలి.