ఇంటికొచ్చిన సీతమ్మ

ఎవరో ఎత్తుకుపోయిన పిల్ల ఏళ్ళు గడిచాక తిరిగొస్తే ఆ ఇల్లేమవుతుంది? ఇంగ్లీషు టీవీలో ఈ కథలు చాలానే వచ్చాయి. 2016లో బీబీసీ వాళ్ళు తీసిన 'థర్టీన్' వాటిలో ఒకటి. చిన్నప్పుడు మాయమైన ఐవీ పదమూడేళ్ళు నేలమాళిగలో బందీగా ఉండి, తప్పించుకుని ఇంటికొస్తుంది. అప్పటికే విడిపోయిన అమ్మా నాన్నా ఆమె కోసం ఇంకా కలిసే ఉన్నట్టు నటిస్తారు. పోలీసులేమో ఆమె మాటల్లో పొంతన వెతుకుతూ కూర్చుంటారు. ఆ పాత్ర వేసిన జోడీ కోమర్ కళ్ళలో బెదురు చూస్తుంటే మనకే ఊపిరాడదు.

చూస్తున్నంతసేపూ నాకు మాత్రం ఇంకో సీరియల్ గుర్తొస్తూనే ఉంది. రామానంద్ సాగర్ 'రామాయణ్'. నవ్వకండి. మన దేశంలో టీవీ మీద అందరికన్నా ఎక్కువమంది చూసిన అపహరణ కథ అదే కదా!

1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 దాకా ఆదివారం పొద్దున పూట వచ్చేది. హిందీ ముక్క రాకపోయినా మనవాళ్ళు కదలకుండా చూశారు. టీవీకి హారతులిచ్చిన ఇళ్ళున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మళ్ళీ వేస్తే నేనూ మళ్ళీ చూశాను. ఈసారి రాముడి విల్లు మీద కాదు, సీత ఇంటికెలా చేరుతుందన్నదాని మీదే నా కన్ను.

వాల్మీకి దగ్గర ఆ ఘట్టం చాలా కటువుగా ఉంటుంది. యుద్ధం గెలిచాక అందరి ముందూ రాముడు, ఇదంతా వంశ గౌరవం కోసం చేశాను గానీ నీకోసం కాదు, నీ ఇష్టమొచ్చిన చోటికి వెళ్ళమంటాడు. సీత ఊరుకోదు. నీచుడెవడో నీచురాలితో అన్నట్టుందని జవాబు చెప్పి, ఆ తర్వాతే లక్ష్మణుణ్ణి చితి పేర్చమంటుంది. చేతిలో హారతి పళ్ళెంతో కూర్చున్న జనానికి దీన్ని ఎలా చూపించడం? సాగర్ గారి ఇబ్బంది అర్థం చేసుకోదగిందే. ఆయన అధ్యాత్మ రామాయణం, తులసీదాసు వేసిన దారి పట్టాడు. రావణుడు తీసుకుపోయింది మాయాసీతను. అసలు సీత అగ్నిదేవుడి దగ్గర భద్రంగా ఉంది. ఈ అగ్నిప్రవేశం ఆమెను వెనక్కి తెచ్చుకోవడానికే. కోపంతో ఊగిపోతున్న లక్ష్మణుడికి రాముడు ఈ రహస్యం చెప్పేసరికి ఆయనా చల్లబడతాడు, మనమూ చల్లబడతాం.

చల్లబడ్డాక తట్టింది నాకు. అయితే అశోకవనంలో చెట్టు కింద దాదాపు ఏడాది వణికిందెవరు? నీడట! భక్తికి అదొక అందమైన ఊహ కావచ్చు, కాదనను. కథకురాలిగా మాత్రం ఒప్పుకోలేను. ఎత్తుకుపోయిందే ఆమెను కానప్పుడు తిరిగొచ్చిందీ ఆమె కాదు. ఇక అక్కడేం జరిగిందని ఆమెను అడగాల్సిన పనే లేదు. పట్టాభిషేకం సందడిలో అశోకవనం మాట మరుగున పడిపోయింది. మా అత్తగారికి ఈ తర్కాలేవీ పట్టవు. మంటల సీను చూసి, "ఇంటికొచ్చిన బిడ్డకు ముందు కూడు పెట్టల్ల గానీ, నిప్పు పెడతారేంది!" అని లేచి లోపలికెళ్ళిపోయింది. నాకు తెలిసి ఆ సీరియల్ మీద అంతకన్నా మంచి విమర్శ రాలేదు.

సాగర్ గారు పట్టాభిషేకంతోనే ముగిద్దామనుకున్నారు. ఉత్తరకాండ కూడా కావాలని 1988లో జలంధర్‌లో వాల్మీకి కులపు పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. అలా వచ్చింది 'లవ్ కుశ్'. అందులో నిందలు విన్న సీత తనే రాముణ్ణి ఒప్పించి అడవికి బయల్దేరుతుంది. అంటే వెళ్ళగొట్టినవాళ్ళెవరూ లేరు, తనే వెళ్ళింది! "మేమేమన్నాం, తనే పోయింది" అన్న మాట మీ వీధిలో ఎప్పుడూ వినలేదూ?

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ విషయంలో మన 1963 'లవకుశ' నయం. అంజలీదేవికి అసలు సంగతే తెలియదు. కాంతారావు లక్ష్మణుడై ఆమెను అడవిలో వదిలి వస్తాడు. ఆ క్రూరత్వాన్ని సి. పుల్లయ్య, సి.ఎస్. రావు దాచలేదు గనకే మన అమ్మమ్మలు బండ్లు కట్టుకుని వెళ్ళి తనివితీరా ఏడ్చివచ్చారు. (ఆ రాముడు ఎన్టీఆరూ, 2011 'శ్రీరామరాజ్యం' రాముడు బాలకృష్ణా ఇద్దరూ మా హిందూపురం ఎమ్మెల్యేలే కావడం చూశారూ!)

ఆ నియోజకవర్గంలోదే లేపాక్షి. రావణుడు సీతను తీసుకుపోయిన దారి మామీదుగానే అని మావాళ్ళ నమ్మకం. రెక్కలు తెగి పడివున్న జటాయువును రాముడు "లే పక్షీ" అన్నాడనీ, అదే ఊరి పేరయిందనీ చెబుతారు. వీరభద్రాలయంలో రాతి మీద పెద్ద పాదం గుర్తుంది. సీతమ్మ పాదమంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఈ నేలలో ఆ పాదంలో ఎప్పుడూ తడి ఉంటుంది. నీడకు పాదం గుర్తు పడుతుందా?

తిరిగొచ్చిన సీత బాధ బాగా తెలిసింది మాత్రం మన ఆడవాళ్ళ పాటలకే. వెల్చేరు నారాయణరావు గారు ఈ పాటల మీద రాసిన ఇంగ్లీషు వ్యాసం 1991లో అచ్చయింది. ఒక పాటలో శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమంటుంది. తలెత్తి చూడని సీత తనకు తెలిసిన కాలి బొటనవేలు మాత్రం గీస్తుంది. మిగతాది శూర్పణఖ పూర్తిచేస్తుంది. ఆ బొమ్మకు ప్రాణమొస్తుంది. ఇంటి ఆడవాళ్ళు ఏంచేసినా అది పోదు. చివరికి పరుపు కింద దాస్తారు. రాముడి కంట పడనే పడుతుంది. అప్పుడు తోడికోడళ్ళు సీత పక్షాన నిలబడతారు. సాగర్ గారు ఒక్క మంటతో మాపేసిన దాన్ని, ఎంత చేసినా పోని బొమ్మగా చూశారు ఈ పాట కట్టినవాళ్ళు. వాళ్ళకు పేర్లు లేవు.

ఇదంతా పురాణంతో ఆగదు. వానల్లేక వేరుశనగ ఎండిన ఏళ్ళలో కదిరి వైపు పల్లెల నుంచి, పని ఇప్పిస్తామన్న మాట నమ్మి వెళ్ళి ఢిల్లీ, పుణె, ముంబైలలో అమ్ముడుపోయిన ఆడవాళ్ళ సంగతి పత్రికల్లో ఎన్నిసార్లు చదివాం! వాళ్ళలో ఇంటికి తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మీద సీరియల్ తీసే ధైర్యం ఎవరికైనా ఉంటే, దయచేసి కోర్టు సీనుతో మొదలుపెట్టకండి. కొళాయి దగ్గర బిందెల వరసతో మొదలుపెట్టండి. ఆ పిల్ల తన బిందె పెట్టగానే ముందున్నావిడ తన బిందె పక్కకు జరుపుకుంటుందో, అలాగే ఉంచుతుందో, కెమెరాను అక్కడ కాసేపు నిలపండి.