దశమస్కంధంలో కొత్త తండ్రులు: వసుదేవ నందుల నిత్యజీవన చిత్రణ

ప్రవేశిక

అవసరం వస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడని తెలుగు సామెత. దేవకి ప్రసవించినప్పుడల్లా ఓండ్రపెట్టి కంసునికి కబురందించే గాడిద ఒకటి ఉండేదని, ఎనిమిదవ బిడ్డ పుట్టిన రాత్రి అది అరవకుండా వసుదేవుడు దాని కాళ్ళు పట్టుకుని బతిమాలాడని జనశ్రుతి. ఈ కథ భాగవతంలో లేదు. గొప్పవాడు కూడా అవసరానికి తలవంచక తప్పదని చెప్పడానికి ఈ సామెతను వాడతారు. ఆ అవసరం అప్పుడే పుట్టిన పసిబిడ్డ అన్న సంగతి మాత్రం వాడుకలో మరుగునపడింది.

సామెతకు పట్టిన ఈ గతే పోతన దశమస్కంధంలోని తండ్రులకు విమర్శలోనూ పట్టింది. వాత్సల్యం ప్రస్తావనకు రాగానే చర్చ యశోద వైపు మళ్ళుతుంది. మన్ను తిన్న బాలుని నోట విశ్వాన్ని చూసిన తల్లి, గోపికల ఫిర్యాదులు విన్న తల్లి, కొడుకును రోటికి కట్టిన తల్లి ఉదాహరణలుగా నిలుస్తారు. నందుడు ‘నందుని యిల్లు’ అన్న మాటలో ఒక స్థలానికి గుర్తుగా మిగులుతాడు. వసుదేవుడు యమున దాటిన ఒక్క రాత్రికి పరిమితమవుతాడు. దశమస్కంధ పూర్వభాగంలో ఈ ఇద్దరి ప్రవర్తనను వరుసగా పరిశీలిస్తే వేరొక చిత్రం కనిపిస్తుంది. కొత్తగా తండ్రి అయిన మనిషి ప్రేమ అక్కడ భావంగా కంటే పనిగా ఎక్కువ వ్యక్తమవుతుంది. మోయడం, కప్పం కట్టడం, ఇంటికి తిరిగి రావడం, గుట్టుగా పేరు పెట్టించడం, కట్టు విప్పడం, ఊరు మారడం ఆ పనులు. వాటి స్వరూపాన్ని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

వత్సలం: లాక్షణికుల పరిధి

విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో వత్సలాన్ని రసంగా అంగీకరించాడు. పుత్రాదులు ఆలంబనం, వారి చేష్టలు ఉద్దీపనం, ఆలింగనం, అంగస్పర్శ, శిరస్సును ముద్దాడడం, తదేకంగా చూడడం, పులకలు, ఆనందబాష్పాలు అనుభావాలు, అనిష్టశంక, హర్షం, గర్వం మొదలైనవి సంచారులు. ఈ లక్షణంలో తల్లి, తండ్రి అన్న భేదం లేదు. అయితే అనుభావాలన్నీ బిడ్డ చేతికి అందేంత దగ్గరగా ఉన్నప్పుడే సాధ్యమయ్యేవి. బిడ్డకు దూరంగా ఉంటూ, బిడ్డ కోసమే తిరిగే మనిషి ప్రేమను గుర్తించడానికి ఈ పట్టికలో ఉపకరించేది ఒక్కటే. అది అనిష్టశంక, అంటే బిడ్డకు ఏ కీడు మూడుతుందో అన్న భయం. సంచారి కాబట్టి అది వచ్చి పోవాలి. వసుదేవ నందుల విషయంలో అది పోదు. తిష్ఠవేసి, వారిచేత పనులు చేయిస్తుంది. యశోద వాత్సల్యానికి లక్షణం సులువుగా అన్వయించడానికి, తండ్రుల వాత్సల్యం విమర్శకుల దృష్టిని తప్పించుకోవడానికి ఇది ముఖ్యకారణం.

మొదటి బిడ్డ, ఎనిమిదవ బిడ్డ

వసుదేవుడు బిడ్డను చేతుల్లో మోసుకుంటూ నడిచిన సందర్భాలు రెండు. యమున దాటినది అందరికీ తెలిసినదే. దానికి చాలాముందే తొలిచూలు బిడ్డ కీర్తిమంతుణ్ణి అతడు కంసుని దగ్గరకు మోసుకెళ్ళాడు. పెళ్ళినాడు దేవకి ప్రాణం దక్కించుకోవడానికి, పుట్టిన కొడుకులను అప్పగిస్తానని ఇచ్చిన మాట అతణ్ణి నడిపించింది. కొత్త తండ్రిగా అతడు చేసిన మొదటి పని బిడ్డను మృత్యువు చేతికి అందించడం. ఎనిమిదవవాడితోనే తనకు భయమని కంసుడు బిడ్డను తిరిగి ఇచ్చేశాడు. బిడ్డతో ఇల్లు చేరుతున్నా వసుదేవుడు ఆ మాటకు సంతోషించలేకపోయాడని మూలం చెబుతుంది. దశమస్కంధంలో తండ్రి అనిష్టశంక ఇక్కడ మొదలవుతుంది. నారదుడు వచ్చి చెప్పిన మీదట దంపతులకు సంకెళ్ళు పడతాయి, పుట్టిన కొడుకులు పుట్టినట్టే హతులవుతారు. శంక నిజమైంది.

ఎనిమిదవ బిడ్డ పుట్టినప్పుడు పోతన ఒక చిన్న వివరం చెబుతాడు. కొడుకు పుడితే తండ్రి స్నానం చేసి దానాలు చేయాలి. సంకెళ్ళలో ఉన్నవాడికి స్నానం కుదరదు, చేతిలో గోవులు లేవు. అందుకని వసుదేవుడు పదివేల గోవులను మనసులోనే బ్రాహ్మణులకు ధారపోస్తాడు. ఇది భక్తుని మానసపూజ వంటిదే కాని అంతటితో తీరదు. శంఖచక్రాలతో ప్రత్యక్షమైన దేవుణ్ణి ఎదుట చూస్తూ కూడా, కొడుకు పుట్టినవాడు చేయవలసిన పని ఒకటి మిగిలిపోయిందని గుర్తుంచుకున్న గృహస్థు అందులో ఉన్నాడు.

భగవత్ప్రేరణతో సంకెళ్ళు వీడతాయి, యమున దారి ఇస్తుంది, ఆదిశేషుడు పడగ పడతాడు. ఇవన్నీ మహిమలు. యశోద పక్కన కొడుకును పడుకోబెట్టి, ఆడబిడ్డను తీసుకొచ్చి దేవకి పక్కన ఉంచాక, వసుదేవుడు సంకెళ్ళను తిరిగి తానే కాళ్ళకు తగిలించుకుంటాడు. సంకెళ్ళను విడిపించిన మహిమ వాటిని తిరిగి తగిలించలేకపోదు. కవి ఆ పనిని తండ్రి చేతుల్లోనే ఉంచాడు. బిడ్డ క్షేమం కోసం బయట నడిచిన మనిషి తిరిగి వచ్చి తన బంధనంలో తానే కూర్చున్నాడు. మాట తప్పని సత్యసంధుడు తొలి ప్రయాణంలో ఉన్నాడు. రెండవ ప్రయాణంలో ఆ మాటను దాటిన తండ్రి ఉన్నాడు. ఈ మార్పును కవి తప్పుగా ఎత్తిచూపడు, సమర్థించడానికీ పూనుకోడు.

ఇక్కడ ఒక చిక్కును విమర్శ దాటవేయరాదు. వసుదేవుడు కాపాడుకున్న కొడుకు స్థానంలోకి మరొక తండ్రి కూతురు వచ్చింది. కంసుడు ఆ పాపను లాక్కున్నప్పుడు అడ్డుపడి, అల్లుడు కాదు మేనకోడలని వరుస చెప్పి బతిమాలినది దేవకి. ఆ సన్నివేశంలో వసుదేవుని మాట వినిపించదు. పాప యోగమాయగా ఆకాశానికెగసి కథను రక్షించింది. అయినా ఆ మౌనం పాఠకుని మనసులో నిలుస్తుంది. ఒక బిడ్డకు కాపుగా నిలిచిన చేతులే మరొక బిడ్డను ఆపదలోకి తెచ్చాయన్న సత్యాన్ని లీల అన్న ఒక్క మాటతో పూర్తిగా తుడిచివేయలేము.

నందుని పుత్రోత్సవం, కప్పం

నందుని చిత్రణ దీనికి ఎదురుగా నిలుస్తుంది. అతడు స్నానం చేస్తాడు, అలంకరించుకుంటాడు, బ్రాహ్మణులను పిలిపించి జాతకర్మ జరిపిస్తాడు, గోవులను దానమిస్తాడు. వసుదేవుడు మనసులో చేసినది నందుడు నలుగురి ఎదుట చేస్తాడు. బిడ్డను కన్న తండ్రికి ఉత్సవం లేదు. ఉత్సవం చేసిన తండ్రికి బిడ్డ పుట్టుక సంగతి తెలియదు. పితృత్వాన్ని ఇలా రెండు ఇళ్ళకు పంచడం వల్ల ఒక్క మనిషిలో కలగలిసి ఉండే జన్మసంబంధం, పోషణసంబంధం విడివిడిగా కనిపిస్తాయి.

ఉత్సవం ముగిసీ ముగియకముందే నందుడు గోకులాన్ని కాపలావారికి అప్పగించి, కంసునికి ఏటా కట్టే కప్పం చెల్లించడానికి మథురకు బయలుదేరతాడు. కథానిర్మాణంలో ఇది పూతన రాకకు వీలు కల్పించే ఏర్పాటు. జీవనచిత్రణగా చూస్తే, పురిటి సందడి తీరకముందే ఇల్లు విడవవలసిన గృహస్థు పరిస్థితి ఇందులో ఉంది. ఇంట్లో బిడ్డ పుట్టాడని రాజు కప్పం వాయిదా వేయడు. ఆ కప్పం అందుకునేవాడే తన ఇంటి బిడ్డను చంపాలని వెతుకుతున్నాడన్నది నందునికి తెలియని సంగతి.

మథురలో ఇద్దరు తండ్రులు

నందుడు కప్పం చెల్లించాక వసుదేవుడు అతని విడిదికి వస్తాడు. దశమస్కంధంలో ఇద్దరు తండ్రులు ఎదురెదురుగా కూర్చుని పిల్లల గురించి మాట్లాడుకునే ఘట్టం ఇది. ఆశ వదులుకున్న వయసులో సంతానం కలిగినందుకు వసుదేవుడు నందుణ్ణి అభినందిస్తాడు. తరువాత, తల్లితోపాటు నందుని ఇంట్లో పెరుగుతూ నందుణ్ణే తండ్రి అనుకుంటున్న తన కొడుకు క్షేమం అడుగుతాడు. అతడు అడిగినది రోహిణి కొడుకు బలరాముణ్ణి గురించి. ఆ ఇంట్లోనే ఉన్న మరొక కొడుకును గురించి అడగడానికి వీలులేదు. ఒక బిడ్డ పేరు మీద ఇద్దరు బిడ్డల క్షేమం తెలుసుకోవలసి వచ్చిన తండ్రి గొంతు ఆ ప్రశ్నలో దాగి ఉంది.

నందుని జవాబు ఇంకా బరువైనది. కంసుని చేతిలో కొడుకులు పోయినందుకు, చివరికి మిగిలిన కూతురు కూడా ఆకాశానికి వెళ్ళిపోయినందుకు అతడు వసుదేవుణ్ణి ఓదారుస్తాడు. ఆ కూతురు నందుని కన్నబిడ్డే. తన బిడ్డ పోయిందని తెలియని తండ్రి, ఆ బిడ్డను తీసుకుపోయిన తండ్రికే ఓదార్పు చెబుతున్నాడు. ఇద్దరిలో నిజం తెలిసినవాడు ఒక్కడే, అతడు నోరు విప్పలేడు. ఘట్టంలో కన్నీళ్ళ వర్ణన అవసరం పడలేదు, ఎవరికి ఎంత తెలుసన్న తేడాయే కరుణను పుట్టించింది.

వసుదేవుడు చివరకు చెప్పేది ఆచరణకు సంబంధించిన మాట. వచ్చిన పని అయింది కనుక ఇక్కడ ఆగవద్దు, గోకులంలో ఉత్పాతాలు కనిపిస్తున్నాయి, వెంటనే వెళ్ళమంటాడు. తాను వెళ్ళలేని ఇంటికి మరొక తండ్రిని తొందరపెట్టి పంపడమే అతడు ఆ క్షణాన చేయగలిగిన పితృకార్యం. నందుడు దారి పొడవునా అదే భయంతో నడుస్తాడు. చేరేసరికి పూతన చచ్చిపడి ఉంది. రక్షలు కట్టడం, దిష్టి తీయడం స్త్రీలు ముగించారు. నందుడు కొడుకును ఎత్తుకుని శిరస్సు మూర్కొంటాడు. లాక్షణికులు చెప్పిన స్పర్శానుభావం తండ్రికి దక్కిన అరుదైన చోటు ఇది. ప్రయాణం, భయం, ఆలస్యం దాటాక వచ్చినందువల్ల ఆ ఒక్క చేష్టకు అంత బలం చేకూరింది.

పేరు, ముడి, వలస

జాతకర్మను నలుగురిలో జరిపించిన నందుడు నామకరణాన్ని గుట్టుగా జరిపించవలసి వస్తుంది. యదువంశ పురోహితుడైన గర్గుడు పేరు పెడితే దేవకి కొడుకేమోనని కంసుడు అనుమానిస్తాడు. అందువల్ల అయినవారికీ తెలియకుండా మందలోనే కార్యం ముగుస్తుంది. బారసాలనాడు బంధువుల నడుమ కూర్చుని తండ్రి బియ్యంలో బిడ్డ పేరు రాసే ఆచారం ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ ఏకాంతంలోని వెలితి వెంటనే తగులుతుంది. పండుగ చేసుకునే హక్కును బిడ్డ క్షేమం కోసం వదులుకోవడం నందుడు నేర్చుకున్న పాఠం.

యశోద కొడుకును రోటికి కట్టిన ఘట్టం విశేషంగా వ్యాఖ్యానాలకు నోచుకుంది. మద్దిచెట్లు కూలిన చప్పుడు విని వచ్చి, నవ్వుతూ ఆ కట్టు విప్పినవాడు నందుడన్నది అంతగా గుర్తుండదు. వసుదేవుడు బిడ్డ కోసం సంకెళ్ళు తగిలించుకున్నాడు. నందుడు బిడ్డ నడుముకున్న తాడు విప్పాడు. కట్టు చుట్టూ అల్లుకున్న ఈ రెండు చేష్టలు ఇద్దరు తండ్రుల బతుకులను సూచిస్తాయి. ఆ వెంటనే గోపవృద్ధులు సమావేశమవుతారు. పూతన, బండి, సుడిగాలి, చెట్లు అన్నీ పిల్లల మీదికే వచ్చాయని, ఈ చోటు పిల్లలకు తగదని ఉపనందుడు చెప్పగా మంద మొత్తం బండ్లు కట్టుకుని బృందావనానికి తరలిపోతుంది. అనిష్టశంక ఇక్కడ ఒక మనిషి గుండెలోని భావంగా ఉండక ఊరి నిర్ణయంగా మారింది.

వాయిదాపడిన ఆలింగనం

నన్నయ శకుంతలోపాఖ్యానంలోనూ కొడుకును తొలిసారి చూస్తున్న తండ్రి ఉన్నాడు. బిడ్డ కౌగిలి ముత్యాలహారం, కర్పూరం, చందనం, వెన్నెల ఇవ్వలేని చల్లదనాన్ని ఇస్తుందని శకుంతల నిండుసభలో వాదించినా దుష్యంతుడు చేతులు చాపడు. ఆకాశవాణి పలికాకే స్వీకరిస్తాడు. అక్కడ అశరీరవాణి తండ్రినీ కొడుకునూ కలిపింది. భాగవతంలో అశరీరవాణి మాటతోనే ఎడబాటుకు బీజం పడింది. దుష్యంతునికి లోకం ఏమనుకుంటుందోనన్న శంక, వసుదేవునికి బిడ్డకు ఏమవుతుందోనన్న శంక.

కంసవధ తరువాత రామకృష్ణులు వచ్చి మొక్కినప్పుడు దేవకీవసుదేవులు వారిని జగదీశ్వరులుగా తలచి, శంకించి, కౌగిలించుకోలేకపోతారు. ఇన్నేళ్ళూ దూరం అడ్డమైంది, ఇప్పుడు ఎదుట ఉన్న కొడుకు గొప్పతనం అడ్డమైంది. తన పసితనపు ముచ్చట్లేవీ వారికి దక్కలేదని కృష్ణుడు స్వయంగా చెప్పాకే వారు పిల్లలను ఒడిలోకి తీసుకుంటారు. నందునితోనూ అతడు ఇదే సందర్భంలో మాట్లాడతాడు. కన్నవారు పోషించలేక విడిచిన బిడ్డలను సొంతబిడ్డల్లా పెంచినవారే తల్లిదండ్రులన్నది ఆ మాటల సారం. కన్న తండ్రికి పోగొట్టుకున్నదాని గుర్తింపు, పెంచిన తండ్రికి చేసినదాని గుర్తింపు దక్కాయి.

ముగింపు

వసుదేవ నందులవి భగవల్లీలలో పాత్రలని, వారిలో సామాన్య గృహస్థులను వెతకరాదని ఆక్షేపించవచ్చు. లీలకు యమున దారి ఇవ్వడం కావాలి, పూతన చావడం కావాలి. తండ్రి తన సంకెళ్ళు తానే తగిలించుకోవడం, బిడ్డ శిరస్సు మూర్కొనడం, విడిదిలో మరొక తండ్రిని ఓదార్చడం వంటివి లేకపోయినా లీల సాగుతుంది. లీలకు అక్కరలేని ఈ వివరాలు కావ్యానికి కావలసి వచ్చాయి. ఆ వివరాలలోనే వాత్సల్యం తండ్రి పరంగా రూపుదిద్దుకుంది.

కాబట్టి దశమస్కంధ వాత్సల్యాన్ని యశోదకే పరిమితం చేసే విమర్శపద్ధతిని సవరించుకోవాలి. దీనివల్ల యశోద స్థానం తగ్గదు. ఆమె ఒడి దగ్గర సాగే కథకు చుట్టూ భయంతో నడిచిన దారులు కూడా కావ్యంలో భాగమేనని తెలుస్తుంది. తండ్రి విషయంలో అనిష్టశంకను కేవల సంచారిగా లెక్కించక, క్రియకు ప్రేరకంగా గుర్తిస్తే ఈ దారులన్నీ రసచర్చలోకి వస్తాయి. గాడిద కథ కల్పించిన జానపదుడు ఈ సంగతిని ముందే గ్రహించాడు. శేషుడు పడగ పట్టిన రాత్రిని అతడు గాడిద కాళ్ళ దగ్గరకు దించి, పసిబిడ్డ కోసం తండ్రి చేయని పని ఉండదని చెప్పుకున్నాడు.