నవ్వులపాలైన మగడు

“నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు” అని మన పెద్దల సామెత ఒకటి ఉన్నది. 1860 మొదలు 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నేటాల్ చెరకు తోటలకు వచ్చిన మన పూర్వులతో పాటు ఇటువంటి సామెతలు కూడా ఓడ ఎక్కి వచ్చినవి. నేడు మన ఇళ్ళలో తెలుగు మాట తగ్గినది గాని, ఆ సామెతలోని తీర్పు తగ్గలేదు. ఏడ్చే మగవాణ్ణి నమ్మవద్దన్న ఈ తీర్పును మన కావ్యం, నాటకం, చలనచిత్రం ఏ విధంగా చూచినవో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భార్య చేత దెబ్బ తిన్న భర్త అనగానే తెలుగువారికి మొదట జ్ఞాపకం వచ్చేది సాక్షాత్తు శ్రీకృష్ణుడే. పదహారవ శతాబ్దిలో నంది తిమ్మన రచించిన పారిజాతాపహరణంలో, నారదుడు తెచ్చిన పువ్వు రుక్మిణికి దక్కినదని సత్యభామ అలుగుతుంది. తన పాదాల మీద వాలిన కృష్ణుని శిరస్సును ఎడమ కాలితో తన్నుతుంది. ఆయన కోపించకపోగా ఆమె పాదం నొచ్చినదేమో అని విచారపడతాడు. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారం చిత్రంలో జమునగారు, రామారావుగారు నటించిన ఈ ఘట్టాన్ని ప్రేక్షకులు నేటికీ చెప్పుకుంటారు.

ఇది హింసయేనా? కాదనే నా అభిప్రాయం. కారణం ఒక్కటే. కృష్ణునికి భయం లేదు. ఆయన లేచి రుక్మిణి మందిరానికి పోదలచుకుంటే అడ్డేవారు లేరు. తన్నిన సత్యభామయే చివరకు వెక్కి వెక్కి ఏడుస్తుంది. ఆ అలుకలో ప్రేమ ఉన్నది, పెత్తనం లేదు. కాబట్టి అది శృంగారానికి అలంకారమైనది. భయం ప్రవేశించిన చోట అలుక అనే మాట చెల్లదు.

తరువాతి హాస్యం ఈ భేదాన్ని మరచిపోయినది. గయ్యాళి పాత్రలకు సూర్యకాంతంగారు పెట్టింది పేరు. 1962 నాటి గుండమ్మ కథలో ఆమె నోటి దురుసును సవతి కూతురు లక్ష్మి భరిస్తుంటే ప్రేక్షకులకు జాలి కలుగుతుంది. సావిత్రిగారు కంట తడి పెడితే మనమూ పెడతాము. అదే నోరు, అదే గరిటె ఒక భర్త మీదకు లేచినదనుకోండి, హాలంతా గొల్లుమంటుంది. దెబ్బ మారలేదు, తిన్నవాడు మారాడు, అంతే. మన వేడుకలలో పిల్లలచేత వేయించే చిన్న నాటికలలో కూడా చీపురు పట్టిన భార్య, మంచం క్రింద దాగిన భర్త కనిపిస్తే చప్పట్లకు లోటుండదు. ఆ మంచం క్రింద ఉన్నవాడికి భయం ఉన్నదా అని రచయిత అడగడు, మనమూ అడగము.

రంగస్థలం మీద నేర్చిన ఆ నవ్వు ఇంటికి వచ్చేసరికి వేరు రూపం దాలుస్తుంది. నిజంగా దెబ్బలు తిన్న భర్త ఆ సంగతి ఎవరితో చెప్పుకోవాలి? అన్నదమ్ములతో చెబితే “నీవు మగవాడివి కావా?” అంటారు. పోలీసు ఠాణాలో చెబితే అక్కడా నవ్వుతారేమోనని జంకు. తిరిగి చేయి ఎత్తితే నేరస్థుడవుతాడు, ఇల్లు విడిచిపోతే పిల్లలు దూరమవుతారు. కనుక మౌనం వహిస్తాడు. “మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు” ఏడ్చిన ఇల్లాలిని మన భాష ఎరుగును. నవ్వు దెబ్బకంటె ఎక్కువ బాధిస్తుందని తెలిసిన ఆ భాషే మగవాడి విషయంలో మాత్రం తానే నవ్వుతున్నది.

ఈ దేశపు చట్టం ఈ విషయంలో మనకంటె ముందున్నది. 1998 నాటి గృహహింస చట్టం ఫిర్యాదీ ఆడా మగా అని చూడదు. పురుషుడు కూడా మేజిస్ట్రేటు కోర్టుకు పోయి రక్షణ ఉత్తర్వు కోరవచ్చును. శరీరం మీది దెబ్బలే కాదు, తిట్లూ బెదిరింపులూ మనోవేదన కలిగించే చర్యలూ ఆ చట్టంలో హింసగానే లెక్క. భారతదేశంలో 2005లో వచ్చిన గృహహింస చట్టం మాత్రం స్త్రీల రక్షణకే ఉద్దేశింపబడినది. అక్కడ పురుషుడు దాని క్రింద ఫిర్యాదు చేయలేడు.

ఇందువల్ల స్త్రీల బాధను తక్కువ చేస్తున్నానని ఎవరూ భావించరాదు. ఈ దేశంలో భర్తల చేత, ప్రియుల చేత హతులవుతున్న స్త్రీల సంగతి అందరికీ తెలిసినదే. సంఖ్యలోను, తీవ్రతలోను వారి బాధే ఎక్కువ. భార్యను హింసించి తానే బాధితుడనని నటించే పురుషులు కూడా లేకపోలేదు. అందుకే కోర్టు ఉత్తర్వును ఖాయపరచేముందు రెండవ పక్షానికి కూడా చెప్పుకొనే అవకాశం ఇస్తుంది. విచారించి నమ్మకపోవడం న్యాయం. విచారించకుండానే నవ్వడం న్యాయం కాదు.

మన నాటిక రచయితలకు నా మనవి ఇది. హాస్యాన్ని మానవద్దు. సత్యభామ అలుకను తప్పక ఆడించండి. కాని చీపురు దెబ్బను వ్రాయబోయేముందు, అదే దెబ్బ కోడలి మీద పడితే ప్రేక్షకులు నవ్వుతారా అని ఒక్కసారి ఆలోచించండి. సంఘ పెద్దలు కూడా, తమ వద్దకు తల వంచుకొని వచ్చిన మగవాణ్ణి ముందు కూర్చోబెట్టి, అతడు చెప్పేది చివరిదాకా వినవలసినదిగా కోరుతున్నాను.