తూరు నౌక

బైబిలు పాత నిబంధనయందు మహానగరముల నాశమును ముందుగా చెప్పిన ప్రవచనములు పెక్కు కలవు. నీనెవెనుగూర్చి నహూము, బబులోనునుగూర్చి యెషయా, యిర్మీయాలు, తూరునుగూర్చి యెహెజ్కేలు పలికిరి. వీనిని చదువువారు తరచుగా రెండు తెగలు. చెప్పినది చెప్పినట్లు జరిగెనని చూపువారు కొందరు. జరుగలేదని ఎత్తిపొడుచువారు కొందరు. ఒక చేత చరిత్రను, ఒక చేత ప్రవచనమును పట్టుకొని పద్దులు సరిచూచుటలో ఇరువురును ఒక్కటే. యెహెజ్కేలు గ్రంథము 27వ అధ్యాయము ఈ లెక్కకు లొంగునది కాదని నా యభిప్రాయము.

తూరు నేటి లెబనాను తీరమునందలి సూరు పట్టణము. ఆనాడు దాని ప్రధానభాగము తీరమునకు కొంత దూరమున ద్వీపముపై నుండెను. క్రీ. పూ. 587 ప్రాంతమున బబులోను సేనలకు యెరూషలేము కూలగా, ఇక తన వర్తకము నిండునని తూరు సంతోషించెనట. కెబారు నదీతీరమున, పరాయి దేశమున, చెరలో నున్న ప్రవక్తకు ఆ మాట పుండుమీద కారము. అట్టివాడు శాపముతో సరిపెట్టవచ్చును; 26వ అధ్యాయమున పెట్టెను కూడ. కాని తరువాతి యధ్యాయమున ఆ పగపట్టణమునే ఓడగా రూపించి, కొయ్య కొయ్య చేర్చి కట్టినాడు. పలకలు శెనీరువి, స్తంభము లెబానోను దేవదారు, తెడ్లు బాషాను సింధూరపు మ్రానులవి, తెరచాప ఐగుప్తు చిత్రవస్త్రము. మన లాక్షణికులు దీనిని సావయవరూపక మందురు. మన ప్రబంధకవి కావ్యారంభమున పురవర్ణన చేయుట నగరమును నిలుపుటకు. ఇతడు చేసినది ముంచుటకు.

ఇది వ్యాజస్తుతి కాదా యని బడిలో పిల్లలు అడుగుదురు. కాదనియే చెప్పుదును. వ్యాజస్తుతిలో పొగడ్త పైపూత. ఇచ్చట పొగడ్త నిజమైనది. తర్షీషు వెండి, ఇనుము, తగరము, సీసము, తోగర్మా గుర్రములు, యూదా గోధుమలు, తేనె, దమస్కు తెల్లని ఉన్ని, దంతము, నల్లకొయ్య - ఈ జాబితా తరువాతివారెవరో చేర్చిరని కొందరు పండితుల సందేహము. కావచ్చును. నాకు మాత్రమది అతుకుగా తోచదు. తూర్పుగాలి కొట్టి ఓడ నడిసముద్రమున పగిలినప్పుడు, సరకులు, నావికులు, ఓడ బీటలు పూడ్చువారు, అందరును కలిసి మునుగుదురు. బరువు నెక్కించి చూపినందుననే ఆ మునుక బరువగుచున్నది. నహూము నీనెవెపై చెప్పినది రౌద్రము. కొరడాల చప్పుడు, చక్రముల రొద, అంతే. ఇది కరుణము. హెబ్రీయుల ఏడ్పుపాట నడకలో పాదము పూర్వభాగమునకు మూడు ఊనికలు, ఉత్తరభాగమునకు రెండు. నడచుచు నడచుచు కుంటినట్లుండును. మృతులకై పాడు ఆ పాటను బ్రదికియున్న పట్టణమునకు పాడినాడు.

చరిత్ర వేరుగా నడచెను. నెబుకద్రెజరు తూరును 13 సంవత్సరములు ముట్టడించెనని జోసీఫసు వ్రాసెను. ఆశించిన కొల్లసొమ్ము దక్కలేదు. క్రీ. పూ. 332లో అలెగ్జాండరు సముద్రమున కట్ట వేయించి పట్టణమును పట్టెను. ఆపిమ్మటను అది లేచినది. నేటికిని జనులు కాపురమున్నారు. 1984లో దాని శిథిలములు ప్రపంచ వారసత్వస్థలములలో చేరెను.

ప్రవచనము తప్పెనని నవ్వువారు 29వ అధ్యాయము చదువవలెను. తూరు ముట్టడికి నెబుకద్రెజరునకు కూలి ముట్టలేదని, బదులుగా ఐగుప్తు ఇయ్యబడునని ఆ గ్రంథమే చెప్పుచున్నది. వెనుకటి మాటను చెరిపివేయక, దాని సరసనే దీనిని నిలిపిరి. 27వ అధ్యాయమున ఓడకై ఏడ్చువారు తలలు బోడి చేసికొందురు. 29వ అధ్యాయమున బరువులు మోసి మోసి బోడియైన తలలు ముట్టడి సైనికులవి. వారి భుజములు ఒరసికొనిపోయినవి. మూలమున రెండు చోట్లను ధాతువు ఒక్కటే.