సాగిలపడి సమాధానపడటం

క్రైస్తవ ప్రార్థన అనగానే తెలుగు పాఠకుడికి మోకరించడమో, చేతులు జోడించి కళ్లు మూసుకోవడమో స్ఫురిస్తుంది గానీ, గ్రీకు, రష్యన్, సిరియన్ ఆర్థడాక్స్ సంఘాలలో ఒళ్లంతా వంచి నుదుటిని నేలకు ఆనించే సాగిలపాటుకు మాటలతో సమానమైన స్థానం ఉంది. తెలుగునాట శ్రమల దినాలనీ, తపస్సుకాలమనీ పిలిచే ఈస్టరుకు ముందటి ఉపవాస కాలంలో ఈ సంఘాల ప్రార్థనలో సగభాగం శరీరానిదే.

గ్రీకులు ‘మెటానియా’ అనే ఈ వంగడంలో రెండు రకాలున్నాయి. చిన్నదానిలో సిలువ గుర్తు వేసుకుని, నడుము వంచి, కుడిచేతి వేళ్లతో నేలను తాకి లేస్తారు. పెద్దదానిలో మోకాళ్లూ అరచేతులూ నేలమీద మోపి, నుదురు నేలకు తగిలేదాకా వంగి, అక్కడ ఆగిపోకుండా వెంటనే లేచి నిలబడతారు. గురుపట్టాభిషేకంలో, సకల పునీతుల ప్రార్థన సాగినంతసేపూ అభ్యర్థి బోర్లా పడుకుని ఉండటం తెలుగు కథోలికులు చూసేదే గాని, ఇక్కడి సాగిలపాటులో పడటం ఎంత ముఖ్యమో లేవడం కూడా అంతే ముఖ్యం. నాలుగో శతాబ్దపు బిషప్ మహా బసిలు ఇందులో పాపం వల్ల నేలకూలిన మనిషినీ, సృష్టికర్త ప్రేమ వల్ల తిరిగి లేచిన మనిషినీ చూశాడు. క్రీ.శ. 325 నాటి నికేయ మహాసభ ఇరవయ్యో నియమం ఆదివారాల్లోనూ, ఈస్టరు మొదలు పెంతెకొస్తు దాకా ఉన్న రోజుల్లోనూ మోకరించకుండా నిలబడే ప్రార్థించాలని విధించడం వెనుక ఉన్నదీ పునరుత్థానపు ఆనందమే.

ఉపవాస దినాల్లో ఎక్కువగా వినిపించేది సిరియా భక్తకవి ఎఫ్రేము పేరుతో ప్రచారంలో ఉన్న చిన్న ప్రార్థన. సోమరితనం, అధికార దాహం, వ్యర్థ ప్రసంగం వంటివి తొలగించమని మొదటి విన్నపం. వినయం, ఓర్పు, ప్రేమ వంటివి ప్రసాదించమని రెండోది. తన తప్పులు తనకు కనబడేలా, సహోదరుడికి తీర్పు తీర్చకుండా ఉండేలా చేయమని మూడోది. ఒక్కో విన్నపం ముగియగానే ఒక సాగిలపాటు ఉంటుంది. సహోదరుడి మాట వచ్చేది చివరి విన్నపంలోనే. తల రెండుసార్లు నేలకు వంగిన తర్వాత గానీ పొరుగువాడి ప్రసక్తి రాకపోవడం ఈ క్రమాన్ని కూర్చినవారి మనస్తత్వ జ్ఞానానికి గుర్తు.

ఆ పొరుగువాడు ఎదుట నిలబడేది ఉపవాసం మొదలయ్యే ముందునాటి సాయంత్రం, క్షమాపణ ఆదివారం ఆరాధనలో. అప్పటిదాకా ఉన్న వెలుగు రంగు వస్త్రాలు తీసి ముదురు రంగువి ధరించిన గురువు, ఆరాధన చివర సంఘం వైపు తిరిగి, ముందుగా తానే నేలకు వంగి క్షమించమని అడుగుతాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి ఆయన ఎదుట వంగి, ఆయన పక్కనే నిలబడతారు. వెనుక వచ్చినవాడు గురువుకూ, అక్కడ నిలబడినవారందరికీ వరసగా వంగుతూ పోయి చివర చేరతాడు. ఇలా వరస పెరిగేకొద్దీ ప్రతివాడూ ప్రతివాడి ఎదుటా వంగక తప్పదు. తండ్రి కొడుకు ముందూ, అత్త కోడలి ముందూ నేలకు వంగుతారు. ‘దేవుడు క్షమిస్తాడు’ అన్నదే జవాబు. ఏ తప్పుకు క్షమాపణ అన్న ఆరా ఉండదు కనుక పాత వాదన మళ్లీ తలెత్తడానికి సందు దొరకదు.

ఈ ఆచారానికి మూలం పాలస్తీనా, ఈజిప్టు మఠాల్లో ఉందంటారు. ఈజిప్టు మరియమ్మ అనే తపస్విని జీవితకథలో యొర్దాను దగ్గరి సన్యాసులు పరస్పరం క్షమాపణ కోరుకుని, ఉపవాస కాలమంతా ఎడారిలో ఒంటరిగా గడిపి మట్టల ఆదివారానికి తిరిగి వస్తారు. అందరూ తిరిగి వస్తారన్న నమ్మకం లేదు. కనుక అది ఒక విధంగా ఆఖరి వీడుకోలు కూడా. మనకు దగ్గర్లో, కేరళలోని మలంకర సిరియన్ సంఘాలు ఉపవాసపు మొదటి సోమవారం ‘షుబ్కోనో’ అనే సమాధాన ఆరాధన జరుపుకుంటాయి. అక్కడా సాగిలపాట్లే ప్రధానం.

బలిపీఠం దగ్గర కానుక విడిచి ముందు సహోదరుడితో సమాధానపడమన్న మత్తయి సువార్త ఐదో అధ్యాయపు ఆజ్ఞా, గెత్సేమనే తోటలో సాగిలపడి తన చిత్తాన్ని తండ్రి చిత్తానికి అప్పగించిన యేసు ప్రార్థనా ఈ ఆచారంలో ఒకే కదలికగా కలిశాయి. మనసు కరిగేదాకా ఆగితే ఎన్నేళ్లయినా పట్టవచ్చు కనుక, ఒంటిని ముందు నడిపించి మనసును వెంట రమ్మనడం ఇందులోని ఉపాయం. అయితే దీనికీ హద్దుంది: కాజేసిన పొలం గట్టు, ఎగ్గొట్టిన బాకీ నుదురు నేలకు ఆనించినంత మాత్రాన తీరవు, దెబ్బ తిన్నవాడిని వరసలో నిలబెట్టి క్షమించక తప్పని స్థితి కల్పించడం సమాధానం అనిపించుకోదు. వ్యక్తిగత పాపసంకీర్తనాన్ని, అంటే గురువు ఎదుట తప్పులు ఒప్పుకునే సంస్కారాన్ని, ఈ సంఘాలు దీనితో కలపకుండా వేరుగా నిలుపుకోవడంలో ఆ ఎరుక కనిపిస్తుంది. వృద్ధులకూ, జబ్బుపడినవారికీ నడుము వంచితే చాలన్న సడలింపు కూడా ఉంది. ఈస్టరుతో ఆగిపోయిన మోకరింపు యాభయ్యో రోజైన పెంతెకొస్తునాడు, సంధ్యారాధనలోని దీర్ఘ ప్రార్థనలతో మళ్లీ మొదలవుతుంది.